దగ్గుకు నేరం మిర్చి మీదేనా?



గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో కాపురముంటున్న మనకు దగ్గు కొత్త కాదు. మిర్చి టిక్కీలు దిగే వేళ యార్డు పక్కగా రిక్షాలో పోతే చాలు, కళ్ళు మండి గొంతు పట్టేస్తుంది. జిన్నింగు మిల్లుల దగ్గర దూది నుసి సరేసరి. ఇంట్లో కారం కొట్టించిన రోజున ఇరుగుపొరుగు అందరికీ తుమ్ములే! అందుచేత ఇంటాయన తెల్లవారుతూనే ఖళ్ళుఖళ్ళున దగ్గితే "ఘాటు పడింది కాబోలు, అదే పోతుందిలే" అని ఊరుకుంటాం. ఆయన చేతిలోని సిగరెట్టు మీదికి మాత్రం మన చూపు పోదు.

ఒక్క సంగతి ఆలోచించండి. ఏటా వేసవిలో మిర్చి యార్డుకు సెలవులిస్తారు కదా! ఆ రోజుల్లోనూ పొద్దుటి దగ్గు, కఫం తగ్గలేదంటే నేరం మిర్చిదేనంటారా?

మన ఛాతీలో గాలి పోయే దారి తలక్రిందులుగా పెట్టిన చెట్టులాంటిది. మొదట మాను, ఆపైన కొమ్మలు, చివర సన్నని రెమ్మలు. రెండు మిల్లీమీటర్ల కంటే సన్నగా ఉండే ఈ రెమ్మలే చిన్న శ్వాసనాళాలు. పొగ అంత లోపలికీ పోతుంది. దాన్ని ఊడ్చెయ్యడానికి మన ఒంట్లోని పాకీ కణాలు పరుగెత్తుకొస్తాయి. రోజూ పొగ వస్తూనే ఉంటే పాపం అవి మాత్రం ఏం చేస్తాయి? ఆ మసి మింగి, గోధుమరంగుకు తిరిగి, అక్కడే గుంపులు కడతాయి. చుట్టూ గోడలు వాస్తాయి. దీన్నే వైద్యులు రెస్పిరేటరీ బ్రాంకియోలైటిస్ అంటారు.

ఇది ముసలివాళ్ళ జబ్బు అనుకోకండి. 1974లో అమెరికాలో నివోనర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు కలిసి, హఠాత్తుగా మరణించిన యువకుల ఊపిరితిత్తులను పరీక్షించారు. సిగరెట్లు తాగినవారి చిన్న నాళాల్లో ఈ వాపు అప్పటికే కనిపించింది.

చిక్కేమిటంటే, ఇది మొదట్లో బయటపడదు. ఈ సన్న గొట్టాలు వేలకు వేలు కనుక కొన్ని వాచినా మిగిలినవి పని నెట్టుకొస్తాయి. "నాకేం, గుండ్రాయిలా ఉన్నాను" అనే మగవారి ధీమా అందుకే! మెట్లెక్కితే ఆయాసం వచ్చేనాటికి కొన్ని నాళాలు బాగుపడనంతగా చెడిపోయి ఉండవచ్చు. ముందే మానితే మాత్రం వాపు తగ్గే అవకాశం ఎక్కువ. దీనికి మొదటి మందు మానెయ్యడమే.

పొగాకు మనకు పరాయి పంట కాదు. ఒంగోలు చుట్టుపట్ల బ్యారన్లు ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టాయి. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు కేంద్ర కార్యాలయం గుంటూరులోనే ఉంది. రైతును తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ ఆకు పొగై మన పడకగదిలోకి వచ్చినప్పుడు ఊరుకోవలసిన పని లేదు. ఆయన వదిలిన పొగ మనమూ పీలుస్తాం, ఉయ్యాలలో పసివాడూ పీలుస్తాడు. అలాంటి పిల్లలకు ఉబ్బసం, ఛాతీ జబ్బులు ఎక్కువ. 2008 అక్టోబరు 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ తాగడం నిషేధం. బస్టాండులో పరాయివాళ్ళకు దొరికిన రక్షణ ఇంట్లో మన పిల్లలకు దొరకవద్దూ?

పల్లెల్లో అత్తగారో, పిన్నిగారో పత్తికట్టె, మిరపకట్టె పొయ్యిలో పెట్టి వండుతుంటే, ఆ పొగా ఊపిరితిత్తులకు శత్రువే. సిగరెట్టు ముట్టని ఆడవారికి ఆయాసం రావడానికి అదొక కారణం. గ్యాసు పొయ్యి, గాలి ఆడే వంటిల్లు వారికీ అవసరమే.

మరి మనం చెయ్యగలిగిందేమిటి? పోట్లాటతో సిగరెట్టు మానదు, చాటుకు పోతుంది. మానే రోజు ఆయనచేతనే నిర్ణయింపజేయండి. ఇంట్లో ఆష్ ట్రే తీసెయ్యండి. మొదటి రోజుల్లో చిరాకు పడితే మాటకు మాట అనకండి. అది నికోటిన్ అలవాటు చేసే యాగీ. పెట్టె మీద అచ్చువేసిన 1800-11-2356 నంబరుకు ఫోను చేస్తే ఖర్చు లేకుండా సలహా చెబుతారు. అవసరమైతే డాక్టర్లు మందులూ ఇస్తారు.

ఇంకొక్క మాట. దగ్గు రెండు వారాలు దాటితే, అది పొగ దగ్గో ఘాటు దగ్గో మనమే తేల్చుకోకూడదు. క్షయ కూడా కావచ్చు. ప్రభుత్వ ఆసుపత్రిలో కఫం పరీక్ష ఉచితం. "రేపు చూద్దాంలే" అంటే ఒప్పుకోక, ఆయన్ను వెంటబెట్టుకుని వెళ్ళండి.