పౌరుషగ్రంథి బాధ

నడివయస్సు దాటిన పురుషులు ఇంటివారికి సైతము చెప్పక దాచుకొను బాధ యొకటి కలదు. నేడు దానిని గూర్చి ముచ్చటింతుము.

జక్రాన్‌పల్లి పసుపు రైతు రాత్రి నాలుగుసార్లు లేచినచో, మోటారు చూడబోయెనని ఇంటివారు తలతురు. 2015లో మూతపడిన బోధను చక్కెర కర్మాగారమున పనిచేసిన పెద్దలు, రాత్రి షిఫ్టుల నాటి అలవాటేయని సరిపెట్టుకొందురు. అసలు కారణము వేరై యుండవచ్చును.

మూత్రాశయమునకు దిగువన, మూత్రనాళమును చుట్టి, ప్రోస్టేటు అను పౌరుషగ్రంథి యుండును. యౌవనమున దాని బరువు సుమారు 20 గ్రాములు. వయస్సుతో అది పెరుగును. 60 ఏండ్ల నాటికి సుమారు సగము మందిలో, 80 దాటినవారిలో నూటికి 80 మందిలో ఈ పెరుగుదల కనబడును. కాలువకు మట్టి అడ్డుపడినట్లు అది నాళమును నొక్కగా ధార సన్నగిల్లును, మొదలగుటకు ఆలస్యమగును, పోసిన పిదపను మిగిలినట్లు తోచును.

ఇది క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారదు. అయితే రెండును ఒకరికే ఉండవచ్చును. మాటిమాటికి మూత్రము వచ్చుట షుగరు వ్యాధి లక్షణము కూడ. కావున వైద్యుని పరీక్ష, మూత్ర, రక్త పరీక్షలు, స్కానింగు అవసరము. ఉపేక్షించినచో నొప్పి లేకయే మూత్రపిండములు చెడవచ్చును. మూత్రము బొత్తిగా నిలిచినను, రక్తము పడినను, చలిజ్వరము వచ్చినను తెల్లవారువరకు ఆగక ఆసుపత్రికి పోవలెను.

బాధ స్వల్పమైనచో పడుకొనబోవు ముందు నీరు, టీ తగ్గించిన చాలును. పగలు నీరు మానరాదు. కొన్ని జలుబు మాత్రలు మూత్రమును బంధించును. వైద్యుని అడుగక మ్రింగరాదు. టామ్సులోసిన్ నాళమును వదులుచేసి కొలది దినములలోనే ఉపశమనమిచ్చును. లేచి నిలుచునపుడు తల తిరుగవచ్చును. ఫినాస్టరైడు గ్రంథిని కుదించును. దానికి ఆరు మాసములు పట్టవచ్చును.

మన దేశమున వైద్యసేవ చేసిన పీటర్ ఫ్రేయర్ అను ఐరిష్ శస్త్రవైద్యుడు 1900లో లండనులో పొట్ట కోసి ఈ గ్రంథిని తొలగించి ప్రసిద్ధికెక్కెను. నేడు పెక్కుమందికి పొట్ట కోయ నక్కరలేదు. మూత్రమార్గము గుండనే పరికరమును పంపి, అడ్డును తొలగింతురు.

ఇంటి పెద్ద రాత్రులు పదేపదే లేచుచున్నచో, అమ్మలారా, కుమారులారా, మీరే మెల్లగా అడుగుడు. సిగ్గు వలన జరిగిన ఆలస్యమును మందు పూడ్చజాలదు.