నకిరేకల్‌లో ఆరు గెలుపులు
(నర్రా రాఘవరెడ్డి స్మారకోపన్యాసం నుంచి)

1967, 1978, 1983, 1985, 1989, 1994. సీపీఎం నాయకుడు నర్రా రాఘవరెడ్డి నకిరేకల్ నుంచి శాసనసభకు గెలిచిన ఏండ్లివి. చివరి ఐదూ వరసగా వచ్చిన గెలుపులు కనుక అందరూ వాటినే చెప్పుకుంటారు. కానీ మొదటి గెలుపుకూ రెండో గెలుపుకూ నడుమ పదకొండేండ్ల ఎడం ఉంది. అక్కడ కాసేపు ఆగాలి.

1967లో ఆంధ్రప్రదేశ్ మొత్తం మీద సీపీఎంకు 9 స్థానాలు దక్కాయి. మరుసటి ఏడే పార్టీ చీలింది. తరిమెల నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావుల వెంట కార్యకర్తలు పెద్ద సంఖ్యలో బయటికి పోయారు. 1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమం ఊరూరా రాజుకుంది. విశాలాంధ్రకు కట్టుబడిన పార్టీ అప్పుడు సొంత జనానికే ఎదురు నిలబడాల్సి వచ్చింది. ఆ గాయం చిన్నది కాదు. దాని మీద ఇందిరాగాంధీ గాలి. 1972లో రాష్ట్రంలో సీపీఎంకు మిగిలింది ఒకే ఒక్క సీటు, అది నకిరేకల్ కాదు.

అట్లా పోయిన సీటును 1978లో తిరిగి తెచ్చుకున్నారు. అదీ కాంగ్రెస్(ఐ)కి 175 స్థానాలు వచ్చిన ఏడాది! 1983లో ఎన్టీఆర్ ప్రభంజనంలో, తెలుగుదేశంతో పొత్తు లేకుండానే సీపీఎం గెలిచిన ఐదింటిలో నకిరేకల్ ఒకటి. తర్వాతి ఎన్నికల్లో పొత్తు తోడైంది, నిజమే. అయినా 1989లో ఆ పొత్తు రాష్ట్రంలో చిత్తుగా ఓడినప్పుడు కూడా నకిరేకల్ చెక్కుచెదరలేదు.

ఈ పట్టు ఎన్నికల నెలలో దొరికింది కాదు. రాఘవరెడ్డి 1924లో ఇప్పటి చిట్యాల మండలం వట్టిమర్తిలో పుట్టారు. వెట్టిచాకిరి మీద, దొరల మీద ఆంధ్రమహాసభ జనాన్ని కూడగట్టిన కాలం ఆయన యౌవనకాలం. ఆ సభను పల్లె జనం 'సంఘం' అన్నారు. 1952లో కమ్యూనిస్టు నాయకుడు రావి నారాయణరెడ్డికి నెహ్రూను మించిన ఓట్లు వేసిన నల్లగొండ జిల్లా ఇది.

రాఘవరెడ్డి గొల్లసుద్దులు చెప్పేవారు. భుజాన గొంగడి, చేతిలో కర్ర, పక్కన వంత పాడేవాళ్లు. మంద కాసే గొల్ల వేషంలో దొర సంగతి, పటేలు సంగతి నవ్విస్తూ విప్పి చెప్పే కళ అది. మైకు లేకున్నా వాడంతా వినపడాలి, అక్షరం రాని ముసలమ్మకూ అర్థం కావాలి. ఓటడగడానికి వచ్చిన నాయకుడిగా కంటే ముందు, రచ్చకట్ట కాడ సుద్దులు చెప్పిన మనిషిగా జనం ఆయన్ను ఎరుగుదురు. వరస గెలుపులకు పొత్తుల లెక్కల కన్నా ఈ ఎరుకే పెద్ద కారణమని ఈ ఉపన్యాసకుడి నమ్మకం.

1999లో ఆ స్థానం నోముల నర్సింహయ్యకు అందింది. తెలుగుదేశం బీజేపీతో కలిసిన ఆ ఎన్నికలో రాష్ట్రం మొత్తంలో సీపీఎంకు వచ్చినవి రెండే సీట్లు, భద్రాచలం, నకిరేకల్. 2004లోనూ నర్సింహయ్యే గెలిచారు. 2009లో పునర్విభజనతో అది ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గమైంది. కాంగ్రెస్ నుంచి చిరుమర్తి లింగయ్య వచ్చారు. నర్సింహయ్య తర్వాత టీఆర్ఎస్‌లో చేరి, 2018లో నాగార్జునసాగర్‌లో జానారెడ్డిని ఓడించారు.

రాఘవరెడ్డి 2015 ఏప్రిల్ 9న కన్నుమూశారు. 2004 తర్వాత ఇప్పటిదాకా నకిరేకల్‌లో సుత్తి కొడవలి నక్షత్రం గెలవలేదు.