ఇంటర్ అయ్యాక కానిస్టేబుల్ కావాలంటే: రెండు సెకన్లు, నాలుగేళ్లు, మూడు లక్షలు

ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే మెసేజ్ వస్తుంటుంది. "అన్నా, ఇంటర్ అయిపోయింది. కానిస్టేబుల్‌కి ప్రిపేర్ అవుదామనుకుంటున్నా. ఎక్కడ మొదలుపెట్టాలి?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేకపోతున్నా. అందుకే ఈరోజు అంతా ఒకేసారి చెప్పేస్తా. స్టేషన్ విషయాలు, కేసుల విషయాలు మాట్లాడను, అది నా పని కాదు. నేను ఎలా ఫెయిలయ్యానో, ఎలా వచ్చానో, అంతవరకే.

మాది వరంగల్. బాపు ఏనుమాముల మార్కెట్‌లో హమాలీ. మిర్చి సీజన్‌లో బాపు ఇంటికొస్తే ఇల్లంతా ఘాటే, అందరం తుమ్ముతూనే ఉండేవాళ్లం. నేను 2018లో ఇంటర్ పాసయ్యా. అదే ఏడాది తెలంగాణలో పోలీస్ నోటిఫికేషన్ పడింది. కానిస్టేబుల్‌కి ఇంటర్ చాలు, ఎస్సైకి డిగ్రీ కావాలి. ఆంధ్రాలో కూడా ఇంతే. నాకు పద్దెనిమిది నిండాయి, హైట్ ఉంది. ఇంకేం కావాలి అనుకున్నా.

ప్రిలిమ్స్ గట్టెక్కా. 2019 మొదట్లో ఈవెంట్స్. అప్పుడు మగవాళ్లకి 800 మీటర్ల పరుగు, 170 సెకన్లలో పూర్తిచేయాలి. ఊళ్లో నాకంటే స్పీడుగా ఉరికేవాడు లేడని నా నమ్మకం. విజిల్ పడగానే బాణంలా దూసుకుపోయా. మొదటి రౌండ్‌లో అందరికంటే ముందు నేనే. రెండో రౌండ్ సగంలోకి వచ్చేసరికి కాళ్లు రాళ్లయిపోయినయ్. నా టైం 172 సెకన్లు. రెండంటే రెండు సెకన్లు! ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఫస్ట్ పాయింట్ ఇదే ఫ్రెండ్స్. స్పీడు ఉండటం వేరు, దాన్ని పంచుకోవడం వేరు. 2022 నోటిఫికేషన్‌కి పరుగు మారింది. మగవాళ్లకి 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. ఆడవాళ్లకి 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లు. 1600 అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. లెక్క వేయండి, రౌండ్‌కి 108 సెకన్లు పడుతుంది. మొదటి రౌండ్ 90లో కొట్టి, చివరి రౌండ్‌లో నడిచేవాళ్లని ఎంతమందిని చూశానో. నేను ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని, నాలుగు రౌండ్లూ ఒకే టైంలో రావడం ప్రాక్టీస్ చేశా. అది కుదరడానికే రెండు నెలలు పట్టింది.

ఇంకోటి. రోజూ సిమెంట్ రోడ్డు మీద ఉరక్కండి. నేను అదే చేసి ముందు కాలి ఎముక నొప్పితో మూడు వారాలు మంచం ఎక్కా. మట్టి గ్రౌండ్ చూసుకోండి, ఒకరోజు గట్టిగా ఉరికితే మర్నాడు తేలిగ్గా ఉరకండి. లాంగ్ జంప్ 4 మీటర్లు, షాట్‌పుట్ 7.26 కిలోల గుండు 6 మీటర్లు పడాలి. గుండు విసరడం బలం కాదు, టెక్నిక్. మా కాలేజీ పీడీ సార్‌ని అడిగితే గుండు ఇచ్చి, నేర్పించి, చివరికి టీ కూడా తాగించారు. అడగండి. సిగ్గుపడితే మనకే నష్టం.

ఆంధ్రా తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. అక్కడ 2022 నోటిఫికేషన్‌లో కొలతలు వేరు. 1600 మీటర్లు మగవాళ్లకి 8 నిమిషాలు, ఆడవాళ్లకి 10 నిమిషాల 30 సెకన్లు. 100 మీటర్లు కూడా ఉంది. నోటిఫికేషన్ పీడీఎఫ్‌ని బోర్డు వెబ్‌సైట్‌లోంచే దించుకుని మొత్తం చదవండి. ఎవడో రీల్‌లో చెప్పాడని నమ్మకండి. నేను చెప్పానని కూడా నమ్మకండి, చూసుకోండి.

ఇప్పుడు అసలు విషయం, టైం. 2018 తర్వాత మాకు మళ్లీ నోటిఫికేషన్ వచ్చింది 2022 ఏప్రిల్‌లో. నాలుగేళ్లు! ఆంధ్రాలో 6,100 కానిస్టేబుల్ పోస్టులకి 2022 నవంబర్‌లో నోటిఫికేషన్ ఇస్తే, ఫైనల్ రిజల్ట్ 2025 ఆగస్టులో వచ్చింది. ఈ మధ్యలో మీరేం చేస్తారు? "ప్రిపేర్ అవుతున్నా" అని ఇంట్లో కూర్చుంటారా? మా బ్యాచ్‌లో అలా కూర్చున్నవాళ్లున్నారు. ఉద్యోగం రాలేదు, డిగ్రీ లేదు, వయసు మాత్రం వచ్చింది.

నేను మెడికల్ షాపులో చేరా. ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ కట్టా. పొద్దున ఐదింటికి గ్రౌండ్, పదింటికి షాపు, రాత్రి చదువు. లాక్‌డౌన్‌లో మార్కెట్ బందై బాపు ఇంట్లో కూర్చున్నప్పుడు ఆ షాపు జీతమే ఇల్లు నడిపింది. అందుకే చెప్తున్నా, ఇంటర్ కాగానే డిగ్రీలో చేరండి. రేపు ఎస్సై రాయాలన్నా అదే కావాలి. పోలీస్ కాకపోయినా అదే కావాలి.

చదువు గురించి ఎక్కువ చెప్పను. నా ఫోన్‌లో ఒకప్పుడు 140 పీడీఎఫ్‌లు ఉండేవి. దించుకోవడమే, తెరిచింది లేదు. తర్వాత అన్నీ డిలీట్ చేసి, ఆరు నుంచి పది దాకా స్కూలు పుస్తకాలు పట్టుకున్నా. సైన్స్, సోషల్, లెక్కలు అన్నీ అందులోనే ఉన్నయ్. అరిథ్మెటిక్, రీజనింగ్ మాత్రం రోజూ చేయాలి, చూస్తే రావు. ప్రిలిమ్స్ 200 ప్రశ్నలు, మూడు గంటలు. మాకు 2022లో తప్పు జవాబుకి 0.2 మార్కు కోత. ఐదు గుడ్డిగా పెట్టి తప్పితే ఒక మార్కు పోయినట్టే. తెలియనిది వదిలేయడం కూడా ప్రిపరేషనే.

సరే, ఇప్పుడు మూడు లక్షల సంగతి. ఇది చెప్పాలా వద్దా అని చాలా ఆలోచించా. చెప్తా.

ప్రిలిమ్స్ అయ్యాక, ఈవెంట్స్‌కి ముందు, చుట్టాల ద్వారా ఒకాయన ఇంటికొచ్చాడు. మూడు లక్షలిస్తే ఈవెంట్స్‌లో "చూసుకుంటా" అన్నాడు. సగం ఇప్పుడు, సగం తర్వాత. అమ్మ భయపడింది. ఒకసారి రెండు సెకన్లతో పోయిన పిల్లాడు, మళ్లీ పోతే ఎట్లా? "అందరూ ఇస్తున్నరట" అంది. మాకున్నది ఊళ్లో పది గుంటల భూమి. అమ్మ ఆ రాత్రి అన్నం తినలేదు.

బాపు చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి, "బిడ్డా, నువ్వు ఉరకగలవా లేవా, అది చెప్పు" అన్నాడు.

"ఉరుకుతా బాపూ."

"మరి పైసలెందుకు? ఉరకలేనోడైతే ఆ కొలువెందుకు?"

ఇంకో మాట కూడా అన్నాడు. "మూడు లక్షలు పెట్టి పోతే, అవి ఎవరి దగ్గర వసూల్ చేస్తవు? నా అసొంటోని దగ్గర్నే కదా."

ఆయనకి ఫోన్ చేసి వద్దని చెప్పేశాం. నిజం చెప్పాలంటే, ఆ నెలంతా నాకు నిద్ర లేదు. పోతే ఏంటి? అమ్మ ముఖం ఎట్లా చూడాలి?

గ్రౌండ్‌కి వెళ్లాక అర్థమైంది. పరుగుకి చిప్ కట్టారు, టైం మిషనే పట్టుకుంటుంది. ఎత్తు కొలిచేది కూడా డిజిటల్ మిషనే. ఆయన ఏం చూసుకుంటాడు? ఈ బ్రోకర్ల లెక్క చాలా సింపుల్ ఫ్రెండ్స్. పదిమంది దగ్గర డబ్బు తీసుకుంటారు. అందులో ముగ్గురు సొంత కష్టంతో పాసవుతారు. ఆ ముగ్గురి డబ్బు ఉంచుకుని "నేనే చేయించా" అంటారు. మిగతావాళ్లని ఏళ్ల తరబడి తిప్పుతారు. లంచం ఇచ్చామని వాళ్లు బయట చెప్పుకోలేరు కదా. నా టైం 6 నిమిషాల 41 సెకన్లు. బాపుకి ఫోన్ చేసి చెప్తే, "సరే, అన్నం తిను" అని పెట్టేశాడు. తర్వాత అమ్మ చెప్పింది, ఫోన్ పెట్టాక మార్కెట్‌లో అందరికీ చాయ్ తాగించాడట.

2023 ఏప్రిల్ చివర్లో ఫైనల్ పరీక్ష, అక్టోబర్‌లో రిజల్ట్. సెలెక్ట్ అయ్యా. కానీ అక్కడితో అయిపోలేదు. అటెస్టేషన్ ఫారం అని ఒకటి ఇస్తారు. మీ మీద ఎప్పుడైనా కేసు ఉందా అని అడుగుతారు. నాతో గ్రౌండ్‌లో ఉరికిన ఒక ఫ్రెండ్, గణేష్ నిమజ్జనం రోజు గొడవలో పేరెక్కినవాడు, "చిన్న కేసే కదా" అని లేదు అని రాశాడు. ఎంక్వైరీలో బయటపడింది. ఉద్యోగం చేతిదాకా వచ్చి ఆగిపోయింది. సుప్రీంకోర్టు 2016లో అవతార్ సింగ్ కేసులో చెప్పిందేంటంటే, చిన్న విషయమైతే డిపార్ట్‌మెంట్ మన్నించే వీలుంది, కానీ దాచిపెట్టడమే ఉద్యోగం పోవడానికి కారణం కావచ్చు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాయండి. అంతకంటే ముందు గొడవల్లో, గ్రూపుల్లో పిచ్చి ఫార్వర్డ్‌లలో తలదూర్చకండి. పద్దెనిమిదేళ్లప్పుడు చేసిన పని ఇరవై మూడేళ్లప్పుడు ఫారంలో కూర్చుంటుంది.

ట్రైనింగ్ తొమ్మిది నెలలు, 2024 ఫిబ్రవరిలో మొదలైంది. మాకు ఒక తమాషా జరిగింది. జులై 1 నుంచి కొత్త చట్టాలు వచ్చాయి. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. బట్టీ పట్టిన 302 కాస్తా 103 అయింది, 420 కాస్తా 318 అయింది. సగం ట్రైనింగ్‌లో మళ్లీ మొదటినుంచి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవంబర్‌లో పరేడ్ రోజు బాపు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

చివరగా ఒక్కటి. డ్యూటీలో చేరిన కొత్తలో ఒక పెద్దాయన స్టేషన్ గేటు బయట చాలాసేపు నిలబడ్డాడు. లోపలికి రాడు, వెళ్లిపోడు. భుజం మీద తువ్వాలు, కాళ్లకి తెగిన చెప్పులు. వెళ్లి అడిగితే, ఎవరో ఫోన్ చేసి బ్యాంకు అని చెప్పి డబ్బులు లాగేశారట. "లోపలికి వస్తే పైసలడుగుతరేమోనని నిలబడ్డ బిడ్డా" అన్నాడు. 1930కి ఫోన్ కలిపించి, కంప్లైంట్ రాయించి, పంపించా. ఆ డబ్బు వెనక్కి వస్తుందో రాదో నేను మాట ఇవ్వలేదు. కానీ ఆయన కళ్లలోకి సూటిగా చూడగలిగా. ఆ పది గుంటలు అమ్మి వచ్చుంటే చూడగలిగేవాణ్ణా? నాకు తెలియదు.

నైట్ డ్యూటీలుంటాయి, పండగలకి ఇంట్లో ఉండరు, ఎండలో బందోబస్తు ఉంటుంది. యూనిఫాం వేసుకుని రీల్ తీసుకోవడానికి ఇంత కష్టం అక్కర్లేదు. మీకు ఈ పని నిజంగా కావాలనిపిస్తే మాత్రం రేపు పొద్దున ఐదింటికి లేవండి. నాలుగు రౌండ్లు, ఒకే టైంలో. అక్కడ మొదలుపెట్టండి.

ఉంటా ఫ్రెండ్స్. మళ్లీ కలుద్దాం.