గంట తొమ్మిదికి, మెలకువ నాలుగున్నరకు

(ధవళేశ్వరంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హైస్కూళ్లు పొద్దున ఆలస్యంగా మొదలవ్వాలా అన్న విషయం మీద మమ్మల్ని మాట్లాడమన్నారు. ఇందాక బయట ఒక పెద్దాయన నవ్వారు. "మా కాలంలో కోడికూతకు లేచి చదివాం, ఇప్పటి పిల్లలకు నిద్ర చాలట్లేదా?" అన్నారు. లేచారు నిజమే. రాత్రి ఎనిమిదికే దీపం తగ్గించి పడుకున్నారు కూడా. ఆ సగం మాత్రం చెప్పరు!

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్లకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని డాక్టర్లు చెబుతున్నారు. పైగా ఈ వయసులో నిద్ర తెప్పించే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. తొమ్మిదికే పడుకోమంటే పక్క మీద దొర్లుతారు తప్ప నిద్ర రాదు. అది బద్ధకం కాదు, ఒంటి తీరు. అందుకే 2014లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం ఎనిమిదిన్నరకు ముందు బడి పెట్టొద్దంది. కాలిఫోర్నియా 2019లో హైస్కూళ్లకు అదే చట్టం చేసి, 2022 నుంచి అమలు చేసింది. సియాటిల్ నగరంలో 2016లో బడి వేళను 7.50 నుంచి 8.45కు జరిపారు. పిల్లల మణికట్లకు యంత్రాలు కట్టి కొలిస్తే నిద్ర సగటున 34 నిమిషాలు పెరిగింది. రాత్రి ఇంకా ఎక్కువసేపు మేలుకుంటారన్న భయం నిజం కాలేదు.

అయితే అమెరికా మాటను తెచ్చి ఇక్కడ అతికిస్తే సరిపోదు. మన సర్కారు బడి గంట ఎనిమిదిన్నర దాటాకే మోగుతోంది కదా! మరి పిల్లలు మొదటి పీరియడ్‌లోనే ఎందుకు తూగుతున్నారు? గంటకు ముందున్న గంటల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదు. అయిదింటికి ట్యూషన్. ఏడింటికి స్పెషల్ క్లాసు. ప్రైవేటు బడైతే ఏడు కాకుండానే బస్సు. ఆడపిల్లకైతే వీటన్నిటికంటే ముందు వాకిలి ఊడవడం, అంట్లు తోమడం.

మేము పదో తరగతి చదివిన ఏడాది నాలుగున్నరకు లేపేవారు. కూర్చుంటే నిద్రపోతామని నిలబెట్టి చదివించేవారు. నిలబడి కూడా నిద్రపోవచ్చని అప్పుడే నేర్చుకున్నాం. ఆ పాఠం తప్ప ఆ తెల్లారుగట్ల చదివిందేదీ ఇప్పుడు గుర్తులేదు.

2014లో రాష్ట్రం రెండయింది, గడియారం బుద్ధి మాత్రం ఒక్కటే. 2024 జులైలో తెలంగాణ సర్కారు జిల్లాల్లో హైస్కూలు వేళను తొమ్మిదిన్నర నుంచి తొమ్మిదికి ముందుకు లాగింది. అదే ఏడాది నవంబరులో ఆంధ్ర సర్కారు ఎంపిక చేసిన హైస్కూళ్లను సాయంత్రం అయిదు దాకా నడిపి చూసింది. ఒకరు అటు నుంచి, ఇంకొకరు ఇటు నుంచి పిల్లల రోజునే సాగదీశారు. ఎన్ని గంటలు పడుకుంటున్నావని ఏ పిల్లాణ్ణయినా అడిగారా?

ఈ ఊరివాళ్లకు వంతు సంగతి చెప్పనక్కర్లేదు. దాళ్వాకు గోదారిలో నీళ్లు తగ్గితే కాలవలకు వంతులవారీగా వదులుతారు. ఒక చేను రెండు వంతులు లాక్కుంటే కింది చేను ఎండుతుంది. పిల్లల రోజులో ట్యూషన్‌కు వంతుంది, హోంవర్కుకు వంతుంది, ఈమధ్య సెల్‌ఫోన్ దొంగతూము కూడా పెట్టుకుంది. ఎండేది నిద్రే.

ఒంటిపూట బడుల మాట అడుగుతారని తెలుసు. మార్చి, ఏప్రిల్ ఎండలకు బడి ఏడు ముప్పావుకు పెట్టడం తప్పదు. మా అభ్యంతరం దానిమీద కాదు. ఆ రోజుల్లోనూ బడికి ముందు ట్యూషన్ పెట్టడం మీద. ఉద్యోగానికి వెళ్లే తల్లిదండ్రుల ఇబ్బందీ ఉంది. ఎనిమిదింటికి ఇల్లు తాళం వేయాల్సినవాళ్లకు బడి గేటు తెరిచి ఉంచండి, పిల్లలు లోపల కూర్చుంటారు. పాఠం మాత్రం మొదలుపెట్టొద్దు.

కాబట్టి మేం అడిగేది గంట మార్చమని కాదు. మామూలు రోజుల్లో ఎనిమిదిన్నరకు ముందు ఏ పేరుతోనూ క్లాసు ఉండకూడదు, సర్కారు బడిలోనైనా, ప్రైవేటు బడిలోనైనా, ఇంటర్ హాస్టల్‌లోనైనా. స్పెషల్ క్లాసు కావాలంటే సాయంత్రం ఒక గంట పెట్టండి, ఆ రోజు హోంవర్కు ఇవ్వకండి. ట్యూషన్ మాస్టార్లు మన ఊరివాళ్లే, వాళ్లతో మనమే కూర్చుని మాట్లాడదాం.

మహజరు ఆ బల్ల మీద ఉంది. సంతకంతో పాటు, మీ పిల్లలు నిన్న ఎన్నింటికి పడుకుని ఇవాళ ఎన్నింటికి లేచారో పక్కన రాయండి. తెలియకపోతే ఇంటికెళ్లి అడిగి, రేపు వచ్చి రాయండి.