విద్యాలయపు మిద్దెపై సూర్యశక్తి



గంగవరము, పలమనేరు, పుంగనూరు, కుప్పము ప్రాంతముల గ్రామపెద్దలతో నేఁడు ఒక చిన్న విషయమును ముచ్చటింపఁదలఁచితిని. మా మండలములోని ఒక విద్యాలయమున పై తరగతుల బాలబాలికలు తమ బడిమిద్దెమీఁద సౌరఫలకములను, అనఁగా జనులు సోలారు పలకలని వ్యవహరించువానిని, తామే లెక్కవేసి, తామే చట్రములు కూర్చి నిలుపుదుమని ముందునకు వచ్చిరి. ఆ సంగతి పెద్దల యెదుట విచారణకు రాఁగా కొందఱు, "పిల్లలకేల ఈ పని? ఎవరైన దాతను అడిగి పెట్టించుకొనరాదా?" అనిరి. ఆ ప్రశ్నకు నాకు తోఁచిన సమాధానమే నేఁటి ప్రసంగము.

సూర్యశక్తి మన ప్రాంతమునకు క్రొత్తది కాదు. కౌండిన్య అభయారణ్యపు టంచున ఏనుఁగులు పొలములపైకి రాకుండ వేసిన సౌరకంచెలు మీరెఱిఁగినవే. తిరుమలలో అన్నప్రసాదము వండుటకై 2002వ సంవత్సరమున 106 పెద్ద అద్దపు పళ్ళెములను మిద్దెపై నిలిపి, ఎండను ఒకచోట కేంద్రీకరించి, ఆవిరి పుట్టించు ఏర్పాటు చేసిరి. దినమునకు 15,000 మందికి వంట చేయఁగల యేర్పాటు అది. 2025 జనవరిలో కుప్పము మండలమందలి నడిమూరు గ్రామమున ఇండ్లపై సౌరఫలకములు నిలుపు కార్యమును ముఖ్యమంత్రి శ్రీ నారా చంద్రబాబునాయుడు ప్రారంభించిరి. వీనిలో తిరుమలది ఎండ వేఁడిని వాడుకొను పద్ధతి. నడిమూరుది ఎండ వెలుఁగును విద్యుత్తుగా మార్చు పద్ధతి. మన పిల్లలు కోరుచున్నది ఈ రెండవది.

వెలుఁగు సోఁకినప్పుడు కొన్ని పదార్థములలో విద్యుత్తు పుట్టునని 1839లో ఫ్రాన్సు దేశీయుఁడైన బెక్వెరెల్ కనుఁగొనెను. ఇసుకనుండి తీయఁబడు సిలికానుతో పనికివచ్చు ఫలకమును 1954లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు చేసి చూపిరి. నాఁడు పడిన వెలుఁగులో నూటికి ఆఱుపాళ్ళు మాత్రమే విద్యుత్తుగా మాఱెను. నేఁటి మంచి ఫలకములలో నూటికి ఇరువదిపాళ్ళకు పైఁబడి మాఱుచున్నది. ఫలకమునకు కావలసినది వెలుఁగే కాని వేఁడి కాదు. వేఁడి యెక్కినకొలఁది దాని పని కొంత తగ్గును. మెట్టభూమియై, పల్లపు సీమలకంటె చల్లగానుండు మన ప్రాంతమునకు ఇది యొక మేలు.

ఇఁక దాతను అడుగుమన్న మాట. నేను పనిచేసిన యొక పాఠశాలకు చాలయేండ్ల క్రిందట ఉదారులైన కొందఱు సౌరఫలకములను, బ్యాటరీలను ఇచ్చిరి. పూలమాలలు వేసిరి, ఉపన్యాసములు జరిగెను, దీపములు వెలిఁగెను. ఇచ్చినవారు వెడలిపోయిరి. ఆ బ్యాటరీలలో అప్పుడప్పుడు శుద్ధజలము పోయవలయునని మాలో నెవ్వరికిని తెలియదు. తెలిసికొనవలయునని తలఁచినవారును లేరు. ఆ దోషములో నాకును పాలు కలదు. మూఁడవ యేఁట దీపములు ఆఱిపోయెను. తరువాత నొకనాఁడు మిద్దె యెక్కి చూడఁగా ఆ ఫలకములపై ఎవరివో తుండుగుడ్డలు ఆరుచుండెను. నిలిపినవాని గుట్టు ఒక్కరికిని తెలియని వస్తువు ఊరిలో నున్నను అనాథయే. సౌరకంచెయైనను అంతే గదా! తీఁగెలకు పిచ్చిమొక్కలు అల్లుకొనిన శక్తి నేలపాలగును. ఏనుఁగు దానిని లక్ష్యపెట్టదు.

కావున పిల్లలు తామే చేయుదుమన్నప్పుడు నాకు సంతోషము కలిగెను. వారితో కూడ నేనును కొన్ని దినములు మిద్దె యెక్కితిని. ఫలకమును ఏ దిక్కునకు, ఎంత వాలుగా నిలుపవలయునన్నది వారి మొదటి ప్రశ్న. మన దేశమున సూర్యుఁడు ఏడాదిలో ఎక్కువకాలము మధ్యాహ్నవేళ దక్షిణముగా నుండును గనుక ఫలకము దక్షిణాభిముఖముగా నుండవలయును. వాలు సుమారుగా ఆ యూరి అక్షాంశమంత యుండవలయునని వారి పుస్తకము చెప్పుచున్నది. మన యూరి అక్షాంశము పదమూఁడు భాగలకు కొంచెము పైన. ఆ మాట వినఁగానే నాకు బాల్యమున చదివిన జ్యోతిషము జ్ఞప్తికి వచ్చెను. పండ్రెండంగుళముల శంకువును సమతలమున నిలిపి, రేయింబవళ్ళు సమానమగు దినమున మధ్యాహ్నచ్ఛాయను కొలిచి, దానిని పలభ యని మన పూర్వులు పంచాంగగణితమునకు వాడిరి గదా!

మార్చి 21వ తేదీన పిల్లలచే ఆ పనినే చేయించితిని. గడియారపు పండ్రెండు గంటలు మనకు నిజమైన మధ్యాహ్నము కాదు; ఆ దినమున నీడ మిక్కిలి పొట్టిదగుటకు పండ్రెండు గంటల యిరువది నిమిషములు దాటెను. అప్పుడు నీడ మూఁడంగుళములకు కొంచెము తక్కువగా నుండెను. ఇప్పుడు చూడుఁడు: పండ్రెండంగుళముల శంకువునకు నీడ యెంతయో, పండ్రెండంగుళముల అడుగుగల చట్రమునకు వెనుకవైపు ఎత్తు అంతయే. రెండును ఒకే త్రికోణము. శంకుచ్ఛాయను కొలిచిన తాతకును, చట్రమును కోయు మనుమనికిని లెక్క యొకటే. అడుగు పొడవునకు మూఁడంగుళముల యెత్తు చొప్పున చట్రము చేసిన మన యూరికి సరిపోవును. ఆ వాలువలన వానకు దుమ్ము కూడ కొంత కడుగుకొనిపోవును.

రెండవ ప్రశ్న నీడను గూర్చినది. ఫలకములోని గడులు ఒకదాని వెంట నొకటి కూర్పఁబడియుండును. కాలువకు ఒకచోట మట్టి యడ్డుపడిన దిగువమడి యంతయు ఎండునట్లు, ఒక గడిపై నీడ పడిన తక్కినవాని పనియు చెడును. కావున ఉదయము తొమ్మిదినుండి సాయంకాలము మూఁడువఱకు నీడ సోఁకని చోటు వెదకవలయును. నీడలు మిక్కిలి పొడవుగా నుండు కాలమునకు ఈ లెక్క వేయవలయును. డిసెంబరు 22 ప్రాంతమున మధ్యాహ్నమందే పండ్రెండంగుళముల శంకువునకు తొమ్మిదంగుళముల నీడ పడును.

ఆ బడికి ఆగ్నేయమున ఒక పెద్ద వేపచెట్టు కలదు. దానిని కొట్టించిననే గాని ఫలకములు పనిచేయవని ఒకరనిరి. ఆ మాటకు నా మనస్సు చివుక్కుమనెను. ఆ చెట్టు నీడనే మూఁడు తరములవారు అక్షరాభ్యాసము చేసిరి. పిల్లలు శీతకాలమున అరగంట కొకసారి మిద్దెపై చెట్టునీడ యంచును సుద్దతో గీచిరి. ఆ గీఁతలన్నియు చూడఁగా తొమ్మిది గంటల తరువాత పడమటి భాగమున నీడయే లేదు. ఒక బాలిక, "అయ్యవారూ, చెట్టు జరగదు గదా, పలకలనే జరుపుదాము" అనెను. అంతటితో ఆ వివాదము తీరెను. దాతవచ్చి పెట్టించినచో ఆ సుద్దగీఁతలు ఎవరు గీచెదరు?

మూఁడవది ఎంత విద్యుత్తు కావలయునన్న లెక్క. గ్రంథాలయమునకును, కంప్యూటర్ల గదికిని కలిపి పది దీపములు, ఒక్కొక్కటి ఇరువది వాట్లు; పది పాత పంకాలు, ఒక్కొక్కటి డెబ్బది వాట్లు; ఆఱు కంప్యూటర్లు, ఒక్కొక్కటి నూఱు వాట్లు. అన్నియు కలిసి 1500 వాట్లు. ఆఱు గంటలు నడచిన 9 యూనిట్లు. ఒక కిలోవాటు ఫలకములు మంచి యెండలో దినమునకు సుమారు 4 యూనిట్లు ఇచ్చును. ఈ లెక్కను మూఁడు కిలోవాట్లవఱకు పోవలసివచ్చును. అయితే పంకాలను ముప్పది వాట్ల క్రొత్తరకమునకు మార్చిన ఖర్చు ఆఱున్నర యూనిట్లకు దిగును. రెండు కిలోవాట్లే చాలును. ముందు దుబారా మానుట, పిదప సంపాదించుట యన్న గృహస్థధర్మమును పిల్లలు తమ లెక్కలోనే కనుఁగొనిరి. కిలోవాటునకు సుమారు నూఱు చదరపుటడుగుల నీడలేని చోటు కావలయును. ఆ మిద్దెపై అంతకు రెండింతలు కలదు.

"లెక్క సరే, చదువుకొనుచున్న పిల్లలు నిలుపఁగలరా?" అందురేమో. రాజస్థానములోని తిలోనియా గ్రామమున 1972లో శ్రీ బంకర్ రాయ్ స్థాపించిన బేర్‌ఫుట్ కాలేజీ యను సంస్థ కలదు. అక్కడ అక్షరములు రాని గ్రామవృద్ధస్త్రీలు సైతము ఆఱు నెలలలో సౌరదీపములను కూర్చుటయు, బాగుచేయుటయు నేర్చికొని తమ గ్రామములకు మరలిరి. ఆ విద్యాలయపు మిద్దెలపై 45 కిలోవాట్ల ఫలకములు కలవనియు, అక్కడ సౌరవిద్యుత్తును నెలకొల్పినవాఁడు ఎనిమిదేండ్లు మాత్రమే చదివిన యొక అర్చకుఁడనియు శ్రీ రాయ్ 2011లో ఒక ప్రసంగమున చెప్పిరి. గుడిలో దీపము పెట్టు చేతికి ఈ దీపమును అలవడినప్పుడు మన పిల్లల చేతికి అలవడదా?

అయినను అపాయములను దాఁచరాదు. ఇంటి కరెంటును మీట నొక్కి ఆర్పవచ్చును. ఫలకమును ఆర్పుటకు మీట లేదు. ఎండ యున్నంతసేపు దానిలో విద్యుత్తు పుట్టుచునే యుండును. పెక్కు ఫలకములను వరుసగా కలిపిన ప్రాణము తీయు శక్తి కలుగును. కావున పని పంచుకొనవలయును. కొలుచుట, లెక్కించుట, పటము గీచుట, నేలపై చట్రములు కూర్చుట పిల్లలవి. ఫలకము ఒక్కొక్కటి ఇరువదియైదు, ముప్పది కిలోల బరువుండును. దానిని మిద్దె కెక్కించుట పెద్దలది. తీఁగెలు కలుపుట, భూమికి ఎర్తు వేయుట, పిడుగునుండి రక్షణ యేర్పఱచుట అనుమతిపొందిన పనివానివి మాత్రమే. పిల్లలు దూరమున నిలిచి చూచి వ్రాసికొనవలయును. గాలివానకు ఫలకము గాలిపటమువలె లేచును గనుక చట్రమునకు బరువైన కాంక్రీటు దిమ్మెలు కావలయును. మిద్దెకు రంధ్రములు పొడిచి వాననీరు కారునట్లు చేయరాదు.

ఇంకొక మాట ముందే తెలిసికొనుట మంచిది. బ్యాటరీ లేక కరెంటు లైనుతో కలిపిన ఏర్పాటులో, లైనులో కరెంటు పోయినప్పుడు ఫలకములును పనిచేయుట మానును. "ఎండ యున్నది గదా, దీపమేల వెలుఁగదు?" అని కోపింపరాదు. స్తంభమెక్కి పనిచేయు లైన్‌మానునకు మన మిద్దెనుండి విద్యుత్తు పోయి తగులకుండుటకై ఇన్వర్టరు తానే ఆఁగును. అది లోపము కాదు, ప్రాణరక్షణ. సెలవుదినములందు మిగిలిన విద్యుత్తు లైనులోనికి పోయి మీటరులో జమపడును. ఇండ్లకై 2024 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన సూర్యఘర్ పథకమున మూఁడు కిలోవాట్లకు 78,000 రూపాయలవఱకు సహాయము కలదు; అది గృహములకే కాని బడులకు వర్తింపదు. కావున బడికి కావలసిన ధనమును వేఱుగా సమకూర్పవలయును.

పెద్దలను నేను వేఁడునది మూఁడు మాటలు. మొదటిది, పిల్లల లెక్కపుస్తకమును తెప్పించి మీరే చదువుఁడు, తప్పున్న దిద్దుఁడు. రెండవది, మిద్దె యెక్కునప్పుడు ఉపాధ్యాయునితో కూడ మీలో నొకరు ఉండుఁడు. మూఁడవది ముఖ్యము: ఈ యేఁడు నిలిపిన పిల్లలు వచ్చు యేఁడు బడి విడిచిపోవుదురు. పోవుటకు ముందు ప్రతి తరగతియు క్రింది తరగతికి ఫలకములు తుడుచుటను, మీటరు చదువుటను, దినపు యూనిట్లు వ్రాయుటను నేర్పి పోవునట్లు కట్టడి చేయుఁడు. మన విద్యలు గురువునుండి శిష్యునికి నడచి వచ్చినవే. ఈ విద్యయు అట్లే నడచిన ఫలకములపై తుండుగుడ్డలు ఆరవు.

డిసెంబరు 22వ తేదీ మధ్యాహ్నము పిల్లలు మరల శంకువు నిలుపుదురు. నీడ తొమ్మిదంగుళములు పడునో లేదో మీరే వచ్చి కొలిచి చూడుఁడు. ఆ పిమ్మట మీ యభిప్రాయము చెప్పుఁడు.