నీళ్లు కలపడంలో ఉన్న లెక్క
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"నీళ్లు కలిపాడు" అనగానే మనకు పాలవాడే గుర్తుకొస్తాడు. నేను మాత్రం ఇన్నేళ్లుగా లేబరేటరీలో చేస్తున్నదాంట్లో సగం ఆ పనే. తేడా ఏమిటంటే, ఎంత కలిపామో మేం కొలిచి, రాసి పెట్టుకోవాలి.

మా బంధువుల ఇంట్లో ఒక నానీమా ఉండేది. మనవడికి విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్ తెప్పించింది. లీటరు నీళ్లలో కలపాలని దానిమీద ఉంది. ఆమె మొత్తం ఒక్క గ్లాసులో పోసేసింది. "బిడ్డ నీరసంగా ఉన్నాడు బేటా, చిక్కగా ఉంటే బలం కదా!" అంది. షర్బతు విషయంలో అది నిజమే కావచ్చు. ఇక్కడ గ్లాసు 200 మిల్లీలీటర్లనుకుంటే, మందు 5 రెట్లు చిక్కనైంది. అంత చిక్కటి నీళ్లు కడుపులో పడితే పేగు ఒంట్లోని నీటినే బయటికి లాగుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి, రక్తంలో ఉప్పు పెరిగి ఫిట్స్ కూడా రావచ్చు. అదృష్టం బాగుండి వాడు రెండు గుక్కలు తాగి ఉమ్మేశాడు. అలాగని మరీ పలచన చేస్తే ఉప్పు చాలదు.

1971లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కాందిశీకులకు బొంగావ్‌లో కలరా సోకినప్పుడు, నరానికెక్కించే సెలైన్ చాల్లేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు తూకం వేయించి పొట్లాలు కట్టించి, నీళ్లలో కలిపి తాగించారు. అంతకుముందు నూటికి 20, 30 మంది పోతున్న చోట, చావులు 3.6కి దిగాయి. తర్వాత 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ద్రావణాన్ని ఇంకా పలచన చేసింది. లీటరుకు 311 మిల్లీఆస్మోల్స్ ఉన్నదాన్ని 245కి తగ్గించింది. పలచన చేస్తే మందు బలహీనపడుతుందనే వారికి ఇదే జవాబు.

ఆ ప్యాకెట్లో పొటాషియం కూడా ఉంటుంది. అదే పొటాషియాన్ని పలచన చేయకుండా నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది.

ఇక లేబరేటరీ సంగతి. టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ పరీక్ష రిపోర్టులో 1:80, 1:160 అని ఉంటుంది. ఒక పెద్దమనిషి నన్నడిగారు: "160 అంటే ఎక్కువ పలచన కదా, జ్వరం తగ్గినట్టేనా?" కాదండీ, తిరగేసి చదవాలి. రక్తంలోని సీరాన్ని 20, 40, 80, 160 వంతులుగా పలచన చేసుకుంటూ పోతాం. ఏ గొట్టం దాకా క్రిములు గుంపుకడుతున్నాయో చూస్తాం. అంత పలచనైనా గుంపుకట్టాయంటే వాటికి విరుగుడు పదార్థం రక్తంలో అంత ఎక్కువుందన్నమాట. అయినా ఈ ఒక్క కాగితంతో టైఫాయిడ్ అని తేల్చకూడదు. డాక్టరు బ్లడ్ కల్చర్ చేయించమంటే విసుక్కోకండి.

పిల్లల పొడి సిరప్ సీసా ప్రతి ఇంట్లో ఉండేదే. కాచి చల్లార్చిన నీళ్లు సగం పోసి, బాగా కుదిపి, నురుగు దిగాక గీతదాకా నింపాలి. నురుగును చూసి గీత వచ్చిందనుకుని ఆపేస్తే, ప్రతి చెంచాలోనూ మందు ఎక్కువ పడుతుంది.

గుమ్మం దగ్గర బల్లమీద లీటరు సీసా, ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్లు పెట్టాను. వాటిలో 200 మిల్లీలీటర్లకు సరిపోయే చిన్నవీ ఉన్నాయి. ఏది దేనికో చదివి, ఇళ్లకు వెళ్లేలోగా ఒకసారి మీ చేత్తో కలిపి చూడండి. మీ ఇంటి గ్లాసుకు ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో కూడా కొలిచి పెట్టుకోండి.