కొట్టంలో డబ్బాకు ఎర్త్ ఉందా?
(ఎమ్మిగనూరు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పత్తి ధర గురించి, దిగువ కాలువ చివరి భూములకు రాని నీళ్ల గురించి మన నాయకులు మాట్లాడినారు. నేను ఒక చిన్న ఇనుప డబ్బా గురించి మాట్లాడతా.

మూడేండ్ల కింద మోటరు కొట్టం నుంచి పశువుల కొట్టానికి సర్వీసు వైరు లాగినా. అరవై మీటర్లు ఉంటుంది. గడ్డి కత్తిరించే మిషను కోసం అక్కడ ఇనుప స్తంభానికి ఒక డబ్బా బిగించినా. వానాకాలంలో డబ్బా లోపల వైరు తొక్క ఊడి ఇనుముకు తగిలింది. ఎద్దును ఆ స్తంభానికే గొలుసుతో కట్టినాం. తెల్లారి చూస్తే ఎద్దు లేదు. విప్పడానికి పోతున్న మా ఇంటామెను పక్క చేని ఆయన కేకేసి ఆపినాడు కాబట్టి సరిపోయింది. ఫ్యూజు మాత్రం పోలేదు.

మోటరు కొట్టంలో ఎర్త్ ఉంది కదా అనుకున్నా. అది అక్కడి డబ్బాకే. పశువుల కొట్టానికి నేను లాగింది ఫేజు, న్యూట్రల్ మాత్రమే. ఎర్త్ వైరు లాగలేదు.

తర్వాత కొట్టం పక్కన ఎర్త్ కడ్డీ పాతించి నిశ్చింతగా ఉన్నా. అదీ పొరపాటే. లెక్క చూడండి. మన కడ్డీ దగ్గర నేల నిరోధం 10 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ దగ్గర 5 అనుకుందాం. 240 వోల్టులను 15తో భాగిస్తే 16 ఆంపియర్లు. మనం వేసే లావు ఫ్యూజు తీగ దానికి కరగదు. డబ్బా మీద 160 వోల్టులు అట్లే నిలబడి ఉంటాయి. ఇక మన నల్లరేగడి ఎండాకాలంలో నెర్రెలు విచ్చితే కడ్డీ చుట్టూ మట్టే పట్టి ఉండదు. వెనుక బోరు కేసింగు ఇనుముది, దానికి కట్టినా కొంత పనిచేసేది. ఇప్పుడు అంతా ప్లాస్టిక్కే.

అందుకే ఎర్త్‌తో పాటు కరెంటు లీకైతే ఆపే ఆర్‌సీసీబీ కావాల. పశువుల కొట్టానికి 30 మిల్లీఆంపియర్లది పెట్టండి. దాంతో 10 ఓముల కడ్డీ కూడా చాలు, డబ్బా మీద వోల్టు కూడా నిలవకముందే లైను తెగుతుంది. మొదటి డబ్బా ఎర్త్ నుంచి రెండో డబ్బాకు ఒక వైరు లాగండి. స్తంభం, మిషను బాడీ, ఇనుప గాడి అన్నీ దానికే కలపండి. ఎద్దుకు ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ దూరం ఎక్కువ, మనకు తెలియని కరెంటు కూడా దాన్ని పడగొడుతుంది. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి ఎండాకాలమంతా నీళ్లు పోయండి.

రెండో డబ్బాలో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ ముడి వేయొద్దు. లైనులో న్యూట్రల్ తెగిన రోజు డబ్బా మొత్తం కరెంటే. ఇంకో మాట, కోపం చేసుకోవద్దు. ఒక ఫేజు తీసి, రెండో కొస ఎర్త్ కడ్డీకి కట్టి బల్బు వెలిగించేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. నేనూ చేసినవాణ్నే. అట్లా చేస్తే ఆ కడ్డీయే షాకు కొడుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ మనం ముట్టొద్దు, అది శాఖ పని. అయితే అడగాల్సింది మనమే. 250 వోల్టులు దాటిన మోటరుకూ, దాని స్టార్టర్‌కూ రెండు వేర్వేరు ఎర్త్‌లు ఉండాలని కేంద్ర విద్యుత్ అథారిటీ 2010 నిబంధనల్లో ఉంది, 2023లో తిరగరాసినప్పుడూ ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ తెగి వేలాడుతుంటే మన దగ్గర ఎన్ని కడ్డీలు పాతినా ఏం లాభం? తెగినవాటి స్తంభం నంబర్లు రాసి సంఘానికి ఇవ్వండి. ఆదోని, ఎమ్మిగనూరు రెండు చోట్లా కలిపి ఒకే అర్జీ పెడదాం.

వచ్చే ఆదివారం మా ఊరిలో మొదలుపెడుతున్నాం. ఎలక్ట్రీషియన్‌ను, మీటరును సంఘం తెస్తుంది. గడ్డపారలు మీరు తీసుకురండి.